ఇద్దరికీ 110 పాయింట్లు, ఛాంపియన్ ఎవరు?

నెక్లెస్‌రోడ్_ఫ్యాన్:

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్. అపార్ట్‌మెంట్ వాళ్లం, ఆఫీసు ఫ్రెండ్స్ కలిసి ఒక సిమ్ రేసింగ్ (కంప్యూటర్‌లో ఆడే కార్ల రేసు) లీగ్ నడుపుతున్నాం. ఆదివారం రాత్రి ఒక రేసు, సీజన్‌కి 8 రేసులు. పాయింట్లు ఫార్ములా వన్ లెక్కే: 25, 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1. ఫాస్టెస్ట్ ల్యాప్‌కి ఏమీ లేదు. పాయింట్ల షీట్ చూసుకునేది నేనే.

సీజన్ అయిపోయింది. చూస్తే పైన ఇద్దరికీ సరిగ్గా 110. అందులో ఒకరు మా బావమరిది, ఇంకొకరు పక్క బ్లాక్‌లో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు.

బావమరిదికి రెండు గెలుపులు, ఒక రెండో స్థానం, రెండు మూడో స్థానాలు, ఒక నాలుగో స్థానం. మిగతా రెండు రేసులూ మధ్యలోనే ఆగిపోయాడు. కుర్రాడికి రెండు గెలుపులు, రెండు రెండో స్థానాలు, ఆ తర్వాత ఒక నాలుగు, ఒక ఆరు, ఒక ఎనిమిది. ఇంకోదాంట్లో 11వ స్థానం, అంటే సున్నా.

నేను ఎక్సెల్‌లో పాయింట్ల కాలమ్ సార్ట్ చేసి స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టేశాను. షీట్‌లో మా బావమరిది పేరు ముందు ఉంది కాబట్టి సార్ట్ చేశాక కూడా అతనే పైన వచ్చాడు. అంతే, గొడవ మొదలైంది. "మీ వాడు కాబట్టి పైన పెట్టావు" అని కొందరు. "నాకు ఐదు పోడియంలు (మొదటి మూడు స్థానాలు), అతనికి నాలుగే, ఇంకా డౌటేంటి?" అని బావమరిది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మేం మొదట్లో గ్రూపులో రాసుకున్నది ఒక్కటే వాక్యం: "ఫార్ములా వన్ పాయింట్ల పద్ధతి." టై గురించి ఒక్క ముక్క లేదు.

2025 నవంబరులో ఫార్ములా వన్ లాస్ వేగస్ రేసు అయ్యాక పియాస్ట్రీకి, వెర్‌స్టాపెన్‌కి చెరో 366 పాయింట్లు ఉన్నాయి. అయినా పట్టికలో పియాస్ట్రీ రెండు, వెర్‌స్టాపెన్ మూడు. అంటే ఏదో రూల్ ఉన్నట్టే కదా? అసలు మోటార్ రేసింగ్‌లో సమానమైతే ఎలా తేలుస్తారు? మా కేసులో ఏది న్యాయం? వచ్చే ఆదివారం కప్పు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

టర్బో_తిరుపతి:

అన్నా, ఇంత ఆలోచన ఎందుకు? ఇద్దరికీ ఒకే కారు ఇచ్చి ఐదు ల్యాప్‌ల రేసు పెట్టు. ఎవరు ముందొస్తే వాళ్లది కప్పు. అది కుదరకపోతే టాస్ వెయ్యి. అదీ వద్దంటే ఇద్దరికీ చెరో కప్పు.

లెక్కల_మాస్టారు:

నాది రాజమండ్రి, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. రేసుల పాయింట్ల పట్టికలంటే నాకు మొదటి నుంచీ ప్రాణం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు రూల్ చెప్తాను. ఫార్ములా వన్‌లో పాయింట్లు సమానమైతే ఎవరు ఎక్కువ రేసులు గెలిచారో చూస్తారు. అదీ సమానమైతే రెండో స్థానాలు లెక్కపెడతారు. తర్వాత మూడో స్థానాలు, నాలుగో స్థానాలు, అలా తేడా దొరికేదాకా కిందికి దిగుతూ పోతారు. చివరిదాకా దొరక్కపోతే పోటీని నడిపే సంస్థ ఎఫ్‌ఐఏ తనకు తగినట్టు తోచిన కొలమానంతో నిర్ణయిస్తుంది. అంతవరకూ రావడం చాలా కష్టం. దీన్నే కౌంట్‌బ్యాక్ అంటారు. పియాస్ట్రీ పైన ఉండడానికి కారణం ఇదే. లాస్ వేగస్ అయ్యేసరికి ఆయనకు ఏడు గెలుపులు, వెర్‌స్టాపెన్‌కు ఆరు. స్ప్రింట్ అనే చిన్న రేసు గెలిస్తే పాయింట్లు వస్తాయి కానీ, దాన్ని గ్రాండ్ ప్రి (అసలు రేసు) గెలుపుల ఖాతాలో వెయ్యరు.

మన ఎంసెట్‌లో ఇద్దరికి ఒకే మార్కులు వస్తే ముందు లెక్కల మార్కులు చూసి ర్యాంకు ఇస్తారు కదా, ఇదీ అలాంటిదే. మొత్తం సమానమైనప్పుడు ఆ పోటీలో అన్నిటికన్నా విలువైనది ఏదో దాన్ని ముందు చూస్తారు. రేసింగ్‌లో అది గెలుపు.

మీ కేసుకి అచ్చంగా సరిపోయే ఉదాహరణ 2007. ఆ ఏడాది రైకోనెన్ 110 పాయింట్లతో ఛాంపియన్. హామిల్టన్‌కి 109, అలోన్సోకి 109. ఇద్దరూ ఒకే టీమ్, మెక్‌లారెన్. ఇద్దరికీ నాలుగేసి గెలుపులు. అక్కడికీ తేలలేదు. రెండో స్థానాలు చూస్తే హామిల్టన్‌కి ఐదు, అలోన్సోకి నాలుగు. అందుకే రికార్డుల్లో హామిల్టన్ రెండు, అలోన్సో మూడు. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినవాడు, అదే కారులో మొదటి సీజన్ ఆడుతున్న కుర్రాడి కింద నిలబడ్డాడంటే తేడా ఒక్క రెండో స్థానం!

మీవాళ్లకీ గెలుపులు రెండేసి. రెండో స్థానాలు మీ బావమరిదికి ఒకటి, కుర్రాడికి రెండు. అక్కడే తేలిపోయింది. కౌంట్‌బ్యాక్‌లో పోడియంలన్నీ కలిపి లెక్కపెట్టే పద్ధతి లేదు. మూడో స్థానాల దాకా వెళ్లాల్సిన అవసరమే రాలేదు. మీరు "ఫార్ములా వన్ పాయింట్ల పద్ధతి" అని రాసుకున్నారు కాబట్టి ఆ పద్ధతిలోని టై రూల్ కూడా దాంతోపాటే వచ్చినట్టు. 25, 18, 15 మాత్రం తీసుకుని మిగతాది వదిలేస్తానంటే కుదరదు. కప్పు కుర్రాడిది.

ఈ రూల్ సీజన్ అయిపోయాక అవసరమొచ్చే చిన్న విషయమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. టై పడకముందే అది రేసును నడిపిస్తుంది. 2008 నవంబరు 2, సీజన్ చివరి రేసు, బ్రెజిల్‌లోని ఇంటర్‌లాగోస్ గుర్తు చేసుకోండి. అప్పట్లో గెలుపుకి 10, ఆరో స్థానానికి 3 పాయింట్లు. రేసుకు ముందు హామిల్టన్ 94, మాసా 87. మాసా గెలిచి 97కి చేరాడు. హామిల్టన్ ఆరో స్థానంలో వస్తే అతనికీ 97. కానీ గెలుపులు మాసాకి ఆరు, హామిల్టన్‌కి ఐదు. అంటే ఆరో స్థానం సరిపోదు, ఐదు కావాలి. చివర్లో వాన పడింది. వెట్టెల్ దాటిపోవడంతో హామిల్టన్ ఆరుకి పడిపోయాడు. మాసా గీత దాటాడు, ఫెరారీ గ్యారేజీలో ఎగిరి గంతులేశారు. ఆ క్షణానికి పాయింట్లు సమానమే, టైటిల్ మాత్రం మాసాది. అప్పుడు పొడి టైర్లతో తడి ట్రాక్ మీద నెట్టుకొస్తున్న టిమో గ్లాక్‌ను హామిల్టన్ ఆఖరి ల్యాప్‌లో, చివరి మలుపుల్లో దాటాడు. మాసా తర్వాత దాదాపు 39 సెకన్లకు ఐదో స్థానంలో వచ్చాడు. 98 - 97. "ఒక్క పాయింట్ తేడా" అని అందరూ అంటారు. ఆ ఒక్క పాయింటు ఎందుకు కావాల్సొచ్చిందో చెప్పేది మాత్రం కౌంట్‌బ్యాక్.

1999 చివరి రేసు, జపాన్‌లోని సుజుకా గురించి ఇంకా తప్పుగా మాట్లాడుకుంటారు. అప్పుడు గెలుపుకి 10, రెండుకి 6, మూడుకి 4. ఇర్విన్ 70, హకినెన్ 66తో వచ్చారు. హకినెన్ గెలిచాడు, షూమాకర్ రెండు, ఇర్విన్ మూడు. చివరికి 76 - 74. షూమాకర్ తన టీమ్‌మేట్‌కు రెండో స్థానం వదిలేసి ఉంటే ఇర్విన్ ఛాంపియన్ అయ్యేవాడని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. కాదు! వదిలేసినా 76 - 76. హకినెన్ గెలుపులు ఐదు, ఇర్విన్‌వి నాలుగు. టైటిల్ హకినెన్‌దే. కాబట్టి ఆ నింద షూమాకర్ మీద వెయ్యడం అన్యాయం.

2021 అబుదాబి అందరికీ తెలిసిందే. వెర్‌స్టాపెన్, హామిల్టన్ చెరో 369.5. ఆ అర పాయింటు బెల్జియంలోని స్పా రేసు నుంచి వచ్చింది. అక్కడ వానలో, ముందు నెమ్మదిగా నడిచే సేఫ్టీ కారు వెనకాల తిప్పి రేసు ముగించి సగం పాయింట్లే ఇచ్చారు. వెర్‌స్టాపెన్‌కి 12.5, హామిల్టన్‌కి 7.5. చివరి రేసుకి సమానంగా వచ్చినా గెలుపులు 9 - 8. అంటే ఇద్దరూ గుద్దుకుని బయటికెళ్తే వెర్‌స్టాపెన్ ఛాంపియన్. ఆ వారమంతా జనం భయపడింది దానికే. ఉద్దేశపూర్వకంగా చేస్తే పాయింట్లు కోస్తామన్న నిబంధనను రేస్ డైరెక్టర్ ముందుగానే గుర్తుచేయాల్సి వచ్చింది. అలా ఇద్దరు సమానంగా చివరి రేసుకు రావడం అంతకుముందు ఒక్కసారే జరిగింది. 1974లో వాట్‌కిన్స్ గ్లెన్‌కు ఫిట్టిపాల్డి, రెగజోని చెరో 52తో వచ్చారు. ఫిట్టిపాల్డి నాలుగో స్థానంలో వచ్చి టైటిల్ పట్టుకెళ్లాడు.

తిరుపతి తమ్ముడు చెప్పిన మూడు పద్ధతులూ రేసింగ్‌లో ముందుకొచ్చినవే, టాస్ తప్ప మిగతా రెండూ నిజంగా జరిగాయి. 1958లో బ్రిటిష్ సెలూన్ కార్ల ఛాంపియన్‌షిప్‌లో జాక్ సియర్స్, టామీ సాప్‌విత్ సమానంగా ముగించారు. టాస్ వేద్దామన్నారు. ఇద్దరికీ నచ్చలేదు. చివరికి ఒకేలాంటి రెండు రైలీ 1.5 కార్లు తెచ్చి బ్రాండ్స్ హ్యాచ్‌లో ఐదేసి ల్యాప్‌ల రేసులు రెండు పెట్టారు. ఒక రేసయ్యాక కార్లు మార్చుకున్నారు. కారు తేడా తీసేయడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు. రెండు రేసుల సమయం కలిపితే 1.6 సెకన్ల తేడాతో సియర్స్ గెలిచాడు. నాకు చాలా ఇష్టమైన కథ ఇది. ఇక చెరో కప్పు: 1996లో ఇండీ రేసింగ్ లీగ్ మొదటి సీజన్ మూడే రేసులు. బజ్ కాల్కిన్స్, స్కాట్ షార్ప్ చెరో 246. ఇద్దర్నీ ఛాంపియన్లుగా ప్రకటించారు. కాల్కిన్స్ ఒక రేసు గెలిచాడు, ఆ మూడింట్లో షార్ప్ ఒక్కటీ గెలవలేదు. కాల్కిన్స్ స్థానంలో నేనుంటే బాధపడేవాణ్ని.

షార్లెట్_తెలుగు:

మాస్టారూ, బాగా చెప్పారు. నేను నార్త్ కరోలినాలో షార్లెట్ దగ్గర ఉంటాను. ఇక్కడ నాస్కార్ కార్ల రేసులంటే ఊరి పండగే. టై అనగానే ఇక్కడివాళ్లకు గుర్తొచ్చేది 2011 నవంబరు 20, హోమ్‌స్టెడ్‌లో జరిగిన సీజన్ చివరి రేసు.

కార్ల్ ఎడ్వర్డ్స్ మూడు పాయింట్లు ముందున్నాడు. పోల్ (అందరికన్నా ముందు నుంచి మొదలెట్టే స్థానం) కూడా అతనిదే. టోనీ స్టీవర్ట్ 15వ స్థానం నుంచి మొదలెట్టాడు. మొదట్లోనే ట్రాక్ మీది ముక్క ఒకటి ఎగిరొచ్చి అతని కారు ముందు గ్రిల్‌కి రంధ్రం పెట్టింది. బాగుచేయించుకుని వెనక నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి స్టీవర్ట్ మొదటి స్థానం, ఎడ్వర్డ్స్ రెండు. అప్పటి లెక్కలో గెలుపుకి 43, పైన 3 బోనస్, ఒక ల్యాప్ అయినా ముందుంటే 1. స్టీవర్ట్‌కి 47. ఎడ్వర్డ్స్‌కి రెండో స్థానం 42, ల్యాప్ ముందున్నందుకు 1, అందరికన్నా ఎక్కువ ల్యాప్‌లు ముందున్నందుకు ఇంకో 1. మొత్తం 44. మూడు పాయింట్ల ఆధిక్యం కరిగి ఇద్దరూ 2,403 దగ్గర ఆగారు.

గెలుపులు స్టీవర్ట్‌కి ఐదు, ఎడ్వర్డ్స్‌కి ఒకటి. ఆ ఐదూ చివరి పది రేసుల్లోనే. అంతకుముందు 26 రేసుల్లో అతను ఒక్కటీ గెలవలేదు. ఎడ్వర్డ్స్ మాత్రం చివరి మూడు రేసుల్లోనూ రెండో స్థానమే. అంత నిలకడగా ఆడినవాడు అలా ఓడిపోతే నాకు మనసు ఒప్పలేదు. రూల్ ప్రకారం సరైనదే. కానీ ఏడాదంతా కష్టపడినవాడికి విలువేదీ?

రెండు_చక్రాలు:

నేనూ షార్లెట్ గారి వైపే. మాస్టారూ, గెలుపే అన్నిటికన్నా విలువైనదని మీరన్నారు. ఆ విలువ 25 పాయింట్ల రూపంలో ముందే ఇచ్చేశారు కదా? టై దగ్గర మళ్లీ దానికే పట్టం కడితే ఒకే గెలుపుకు రెండుసార్లు బహుమతి ఇచ్చినట్టు. ఇద్దరూ ముఖాముఖి పోటీపడ్డ రేసుల్లో ఎవరు ఎక్కువసార్లు ముందున్నారో చూడడం సబబు.

బైకుల్లో ఒకసారి అలాంటిదే జరిగింది. 1968 ప్రపంచ ఛాంపియన్‌షిప్, 250 సీసీ క్లాసులో ఫిల్ రీడ్, బిల్ ఐవీ. ఇద్దరూ యమహా మీదే. పాయింట్లు సమానం, గెలుపులు సమానం, రెండో స్థానాలూ సమానం. చివరికి ఇద్దరూ పూర్తిచేసిన రేసుల్లో పట్టిన సమయం కూడి చూశారు. రీడ్‌ది తక్కువ, టైటిల్ అతనిది. రెండు బైకులూ ఒకే రేసుల్లో ఎంత వేగంగా వెళ్లాయో చూడడం కన్నా నిజాయితీ ఏముంది? అంతకుముందు ఏడాది అదే క్లాసులో హెయిల్‌వుడ్, రీడ్ సమానమైతే ఐదు గెలుపులు, నాలుగు గెలుపులు అని లెక్కపెట్టి హెయిల్‌వుడ్‌కి ఇచ్చారు. రీడ్‌కి ఒక ఏడాది ఓటమి, మరుసటి ఏడాది గెలుపు. రెండూ టై లోనే.

లెక్కల_మాస్టారు:

రెండు_చక్రాలు గారూ, మంచి ప్రశ్న వేశారు. నా అభిప్రాయం చెప్తాను.

సీజన్ పాయింట్లు నిలకడను ఇప్పటికే బాగా కొలుస్తాయి. రెండో స్థానానికి 18, మూడుకి 15 వస్తున్నాయంటే గెలవకపోయినా ఫరవాలేదని ధైర్యం చెప్తున్నట్టే. ఆ కొలతలో ఇద్దరూ సమానమని తేలిపోయింది. ఇంకా విడదీయాలంటే, నిలకడనే మళ్లీ కొలిచే కన్నా చివరి ల్యాప్‌లో రిస్క్ చేసి ముందున్నవాణ్ని దాటినవాడికి మొగ్గు ఇవ్వాలి. లేకపోతే సీజన్ చివర్లో ఎవరూ దేనికీ ప్రయత్నించరు. ఎడ్వర్డ్స్ బాధ నాకూ అర్థమవుతుంది. కానీ మూడు పాయింట్ల ఆధిక్యంతో వచ్చి రెండో స్థానంలో నిలిచినవాణ్ని అందుకోవడానికి స్టీవర్ట్ ఆ రోజు గెలవడం తప్ప దారి లేదు, గెలిచాడు. దానికి విలువ ఇవ్వకపోతే ఎలా?

ముఖాముఖి లెక్కలో ఇంకో చిక్కుంది. ఒకడి ఇంజన్ ఆగిపోతే రెండోవాడు ముందున్నట్టా? 1968లో ఇద్దరూ పూర్తిచేసిన రేసులే తీసుకున్నారు కాబట్టి అది కుదిరింది. అది కూడా గెలుపులు, రెండో స్థానాలు చూశాక, వేరే దారి లేక. వరుస అదే ఉండాలని నా పట్టుదల.

ఈ రూల్ ఎవరి పక్షమూ కాదని చెప్పడానికి మోంటోయా ఒక్కడు చాలు. 1999లో కార్ట్ (అమెరికాలోని ఒక కార్ల రేసుల సిరీస్) సీజన్ చివరి రేసు ఫాంటానాలో. ఫ్రాంకిటి తొమ్మిది పాయింట్లు ముందున్నాడు. ఆ రేసులో మోంటోయా నాలుగో స్థానం, ఫ్రాంకిటి పదో స్థానం. ఇద్దరూ 212. గెలుపులు మోంటోయాకి ఏడు, ఫ్రాంకిటికి మూడు. ఆ సిరీస్‌లో తన మొదటి సీజన్‌లోనే మోంటోయా ఛాంపియన్. అదే రేసులో గ్రెగ్ మూర్ చనిపోయాడు. ఫ్రాంకిటికి ప్రాణ స్నేహితుడు. ఆ రోజు టైటిల్ గురించి ఎవరికీ పట్టలేదు. మళ్లీ 2015లో, అమెరికాలోనే ఇండీకార్ అనే సిరీస్ చివరి రేసు సోనోమాలో. ఈసారి సీజన్ మొదటి నుంచీ ముందున్నది మోంటోయా. ఆఖరి రేసుకి డబుల్ పాయింట్లు. సొంత టీమ్‌మేట్ విల్ పవర్‌తో తగిలి వెనక్కి పోయి, తేరుకుని ఆరో స్థానంలో వచ్చాడు. డిక్సన్ రేసు గెలిచాడు. ఇద్దరూ 556. గెలుపులు డిక్సన్‌కి మూడు, మోంటోయాకి రెండు. పదహారేళ్ల కింద టైటిల్ ఇచ్చిన రూలే ఈసారి తీసుకెళ్లిపోయింది. డబుల్ పాయింట్లు నాకు నచ్చవు, అది వేరే చర్చ. టై రూల్ మాత్రం రెండుసార్లూ ఒకేలా పనిచేసింది.

నెక్లెస్‌రోడ్_ఫ్యాన్:

మాస్టారూ, అందరికీ చాలా థ్యాంక్స్. 2007 ఉదాహరణ గ్రూపులో పెట్టాను. బావమరిది కాసేపు మౌనంగా ఉండి, "అలోన్సో ఒప్పుకున్నాడు కదా, నేనూ ఒప్పుకుంటా" అన్నాడు. కప్పు కుర్రాడికే. వచ్చే సీజన్ రూల్స్ ముందే రాసి పెడతాను. రెండు సందేహాలు. ఒకటి, ఎక్సెల్‌లో ఇది తప్పు లేకుండా ఎలా చెయ్యాలి? రెండు, 8 రేసులే కాబట్టి స్థానాలన్నీ సమానమయ్యే ప్రమాదం ఉంది కదా, అప్పుడేం చెయ్యాలి?

రెండు_చక్రాలు:

రెండో దానికి నేను చెప్తాను. బైకుల రేసు మోటోజీపీలో దానికి రూల్ ఉంది. స్థానాల లెక్క కూడా సమానమైతే ఇద్దరి అత్యుత్తమ ఫలితం ఏ తేదీన వచ్చిందో చూస్తారు. సీజన్‌లో ఎవరిది తర్వాత వచ్చిందో వాళ్లు పైన. ఫార్ములా వన్ క్వాలిఫయింగ్‌లో (రేసును ఎవరు ఏ స్థానం నుంచి మొదలెట్టాలో తేల్చే రౌండులో) దీనికి రివర్స్. అక్కడ ఒకే సమయం వస్తే ముందు చేసినవాడు ముందు. 1997 జెరెజ్‌లో విల్‌నెవ్, షూమాకర్, ఫ్రెంట్‌జెన్ ముగ్గురూ సరిగ్గా 1:21.072 చేస్తే, ముందు చేసిన విల్‌నెవ్‌కి పోల్ ఇచ్చారు. మీరు మోటోజీపీది తీసుకోండి, సీజన్ చివరిదాకా అందరూ సీరియస్‌గా ఆడతారు.

లెక్కల_మాస్టారు:

అది మంచి సలహా, నేనూ ఒప్పుకుంటాను.

ఎక్సెల్ సంగతి. ఒక్కో డ్రైవర్‌కి రేసు ఫలితాలు ఒక వరుసలో ఉంటాయి కదా. పాయింట్ల కాలమ్ పక్కన "మొదటి", "రెండో", "మూడో" అని ఆఖరి స్థానం దాకా కాలమ్స్ పెట్టండి. ఒక్కోదాంట్లో కౌంట్‌ఇఫ్ (COUNTIF) ఫార్ములా వాడి ఆ వరుసలో 1 ఎన్నిసార్లు ఉందో, 2 ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టించండి. మధ్యలో ఆగిపోయిన రేసుకి సున్నా వెయ్యకండి, అక్షరం ఏదైనా రాయండి. తర్వాత సార్ట్‌లో ఒకటే కాలమ్ ఇచ్చి ఊరుకోకుండా లెవెల్స్ కలపండి: ముందు పాయింట్లు, తర్వాత మొదటి, రెండో, మూడో, అన్నీ పెద్ద నుంచి చిన్నకి. పాయింట్లు రాని 11, 12 స్థానాలకీ కాలమ్స్ ఉండాలి. సున్నా పాయింట్లున్న వాళ్లను కూడా ఫార్ములా వన్ ఇదే పద్ధతిలో వరుస పెడుతుంది.

రూల్ ఇలా రాసుకోండి: "పాయింట్లు సమానమైతే ఎక్కువ మొదటి స్థానాలున్నవారు పైన. అవీ సమానమైతే రెండో స్థానాలు, ఆ వరుసలో చివరి స్థానం దాకా. అన్నీ సమానమైతే ఎవరి అత్యుత్తమ స్థానం సీజన్‌లో తర్వాత వచ్చిందో వారు పైన." మొదటి రేసు మొదలయ్యేలోపే గ్రూపులో పిన్ చేసి, అందరితో ఓకే అనిపించుకోండి.